ఓటీపీకి ‘యాన్’, వన్-టైమ్ పాస్‌వర్డ్‌కి ‘ఎ’: తేడా ఎక్కడుంది?

ఫోన్‌కి ఆరంకెల ఓటీపీ వస్తుంది. ఇంగ్లీషులో దాన్ని ‘యాన్ ఓటీపీ’ అనాలి. అదే మాటను విప్పి పూర్తిగా రాస్తే ‘ఎ వన్-టైమ్ పాస్‌వర్డ్’ అవుతుంది. వస్తువు ఒకటే. ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో రెండూ ‘ఓ’ అక్షరంతోనే మొదలవుతాయి. అయినా ముందున్న ఆర్టికల్ మారిపోయింది.

విశాఖపట్నంలో ఇలాంటి జంటలు అడుగడుగునా కనిపిస్తాయి. ఆంధ్రా యూనివర్సిటీలో చదివే అమ్మాయి ‘యాన్ ఏయూ స్టూడెంట్’. ఏ విశ్వవిద్యాలయమో చెప్పకపోతే ‘ఎ యూనివర్సిటీ స్టూడెంట్’. షిప్‌యార్డులో పనిచేసే ఆయన ‘ఎ హిందుస్థాన్ షిప్‌యార్డ్ ఎంప్లాయీ’. పేరు కుదించి రాస్తే ఆయనే ‘యాన్ హెచ్‌ఎస్‌ఎల్ ఎంప్లాయీ’.

బడిలో మనందరికీ నేర్పిన సూత్రం ఒకటుంది: ఏ, ఈ, ఐ, ఓ, యూ అనే అయిదు అక్షరాల ముందు ‘యాన్’, మిగతా అన్నింటి ముందు ‘ఎ’. దీన్ని పై ఆరు మాటల మీద పెట్టి చూడండి. వన్-టైమ్, యూనివర్సిటీ, హెచ్‌ఎస్‌ఎల్ మూడూ తప్పుతాయి. సగానికి సగం. పోటీ పరీక్షల్లో తప్పును గుర్తించమనే ప్రశ్నలు వచ్చేదీ ఈ సగంలోంచే. ద్వారకా నగర్ కోచింగ్ సెంటర్లలో ఎన్ని మోడల్ పేపర్లు చేసినా కొందరికి ఈ ఒక్క మార్కు పోతూనే ఉండటానికి కారణం సూత్రం మరిచిపోవడం కాదు, తప్పు సూత్రం బాగా గుర్తుండిపోవడం.

చూడాల్సింది అక్షరం కాదు, శబ్దం

అసలు సూత్రం చిన్నది. ఆర్టికల్ తరవాతి మాట నోట్లో అచ్చుతో మొదలైతే ‘యాన్’, హల్లుతో మొదలైతే ‘ఎ’. కాగితం మీద ఏ అక్షరం ఉందన్నది లెక్కలోకి రాదు.

ఇంగ్లీషులో అచ్చులు రాయడానికి ఉన్న అక్షరాలు అయిదు. నోట్లో పలికే అచ్చు శబ్దాలు, బ్రిటిష్ ఉచ్చారణలో, ఇంచుమించు ఇరవై. అయిదు అక్షరాలతో ఇరవై శబ్దాలు రాయాల్సి వచ్చినప్పుడు రాతకీ పలుకుబడికీ మధ్య సందు పడక తప్పదు. ‘యూనివర్సిటీ’ స్పెల్లింగ్ యూ అక్షరంతో మొదలైనా నోట్లో ముందు వచ్చేది యకారం, అంటే హల్లు. ‘వన్’ స్పెల్లింగ్‌లో మొదట ఓ ఉంది, నోట్లో వకారం ఉంది. ‘అవర్’ స్పెల్లింగ్‌లో మొదట హెచ్ ఉంది, నోట్లో అకారం ఉంది. అందుకే ఎ యూనివర్సిటీ, ఎ వన్-వే రోడ్, యాన్ అవర్.

అధర్మం, అనాచారం: మనకు తెలిసిన పద్ధతే

తెలుగువాళ్లకు ఇది కొత్త విషయమేమీ కాదు. సంస్కృతం నుంచి వచ్చిన వ్యతిరేకార్థక పదాలు గుర్తు చేసుకోండి. ధర్మం కానిది అధర్మం, జ్ఞానం లేనిది అజ్ఞానం. మరి ఆచారం కానిది? ‘అఆచారం’ అని ఎవరూ అనరు. అనాచారం. ఆరోగ్యం లేకపోతే అనారోగ్యం, అంతం లేకపోతే అనంతం, అర్హత లేకపోతే అనర్హత. హల్లు ముందు ‘అ’, అచ్చు ముందు ‘అన్’. ఇంగ్లీషు ‘ఎ’, ‘యాన్’ ఎలా మారతాయో అచ్చం అలాగే. ఈ మాటలు వాడేటప్పుడు మనం ఎప్పుడూ తడబడం, ఎందుకంటే వాటిని చెవితో నేర్చుకున్నాం. ఇంగ్లీషు ఆర్టికల్‌ని మాత్రం కంటితో నేర్చుకున్నాం.

కారణం కూడా రెండు చోట్లా ఒకటే. రెండు అచ్చులు పక్కపక్కన పడితే నోరు ఒక క్షణం ఆగాల్సి వస్తుంది. మధ్యలో హల్లు ఉంటే ఆ ఇబ్బంది ఉండదు. తెలుగు ఇదే పనిని యకారంతో చేయించుకుంటుంది. మా, అమ్మ కలిసి మాయమ్మ కావడం యడాగమం. ఇంగ్లీషు నకారంతో చేయించుకుంటుంది.

చరిత్రలో మాత్రం కథ తలకిందులుగా నడిచింది. ‘ఎ’కి నకారం చేర్చి ‘యాన్’ చేయలేదు. మొదట ఉన్నదే నకారంతో. పాత ఇంగ్లీషులో ‘ఆన్’ అంటే ఒకటి. సంఖ్యను చెప్పే ‘వన్’, ఆర్టికల్‌గా వాడే ‘యాన్’ రెండూ ఆ ఒక్క మాట నుంచే చీలాయి. మన ‘ఒకటి’, ‘ఒక ఊళ్లో ఒక రాజు’లోని ‘ఒక’ లాంటి చుట్టరికం. మధ్యయుగంలో హల్లుల ముందు ఆ నకారం క్రమంగా జారిపోయి ‘ఎ’ మిగిలింది. అచ్చుల ముందు అవసరం ఉంది కాబట్టి నిలిచింది.

నోట్లో ‘యాన్’ తరవాతి మాటతో కలిసిపోతుంది. అన్, ఆచారం కలిసి అనాచారం అయినట్టే. ఈ అతుకు దగ్గర జనం కొన్ని మాటల్ని తప్పుగా విరగ్గొట్టారు. వంటింట్లో కట్టుకునే ‘ఏప్రన్’ ఒకప్పుడు ‘నేప్రన్’. ‘ఎ నేప్రన్’ని ‘యాన్ ఏప్రన్’గా విని నకారాన్ని ఆర్టికల్‌కి ఇచ్చేశారు. క్రికెట్ ‘అంపైర్’ది కూడా అదే దారి, పాత రూపంలో మొదట నకారం ఉండేది. ‘నిక్‌నేమ్’ది ఎదురు దారి. ‘యాన్ ఎక్‌నేమ్’ లాంటి మాటలోని నకారం ఇటు వచ్చి అతుక్కుంది. మనవాళ్లెవరైనా అన్యాయాన్ని అన్, యాయం అని విడగొడితే ఎలా ఉంటుందో అలాంటి పొరపాటే. నారింజ సంగతి మరీ బాగుంటుంది. సంస్కృత నారంగం పర్షియన్, అరబ్బీల మీదుగా యూరప్ చేరింది. అక్కడి భాషల్లో, ఇంగ్లీషుకు చేరకముందే, మొదటి నకారం పోయింది. ఆ భాషల ఆర్టికల్‌లో ఉన్న నకారంలో అది కలిసిపోయిందని భాషావేత్తలు వివరిస్తారు. ‘యాన్ ఆరెంజ్’లో పోయిన ఆ నకారం మన నారింజలో ఇప్పటికీ భద్రంగా ఉంది.

తెలుగులో రాసి చూస్తే

సూత్రం శబ్దానిది అయినప్పుడు, శబ్దాన్ని రాసే లిపి చేతిలో ఉండటం పెద్ద ఆసరా. ఇంగ్లీషు మాటను తెలుగు పేపర్లో రాసినట్టు రాయండి. మొదట అచ్చు కనిపిస్తే ‘యాన్’, హల్లు కనిపిస్తే ‘ఎ’.

పొడి అక్షరాల పేర్ల దగ్గర ఇది అద్భుతంగా పనిచేస్తుంది. ఎస్‌ఐ అని రాస్తాం, మొదట ఎ ఉంది: యాన్ ఎస్‌ఐ. సీఐ అని రాస్తాం, మొదట స ఉంది: ఎ సీఐ. ఎమ్మెల్యే, ఎంపీ, ఐఏఎస్ ఆఫీసర్, ఆర్డీఓ, ఎఫ్‌ఐఆర్, ఏటీఎం, ఎన్నారై, ఎక్స్‌రే అన్నింటికీ ‘యాన్’. డీఎస్పీ, వీఆర్వో, పీడీఎఫ్, బీటెక్ డిగ్రీ, యూపీఐ పేమెంట్, పీఎఫ్ వాళ్లు ఇచ్చే యూఏఎన్, వీటికి ‘ఎ’. మొత్తం 26 అక్షరాల పేర్లలో పన్నెండింటికి ‘యాన్’ పడుతుంది: ఏ, ఈ, ఎఫ్, హెచ్, ఐ, ఎల్, ఎం, ఎన్, ఓ, ఆర్, ఎస్, ఎక్స్. ఇందులో నాలుగే ఇంగ్లీషు అచ్చు అక్షరాలు. అయిదో అచ్చు అక్షరం యూ ఈ జాబితాలోనే లేదు. బడి సూత్రం ఎంత దూరం తప్పుతుందో ఇక్కడ కళ్లకు కడుతుంది.

అక్షరం అక్షరం కాకుండా మాటలాగా చదివేవి వేరు. ‘సిమ్ కార్డ్’ని ఎవరూ ఎస్-ఐ-ఎం అని చదవరు, కాబట్టి ఎ సిమ్ కార్డ్. ఎస్‌ఎంఎస్‌ని విడివిడిగా చదువుతాం, కాబట్టి యాన్ ఎస్‌ఎంఎస్. కంప్యూటర్ వాళ్లు వాడే ఎస్‌క్యూఎల్‌ని కొందరు ఎస్-క్యూ-ఎల్ అంటారు, కొందరు ‘సీక్వెల్’ అంటారు. మొదటివాళ్లు ‘యాన్’ రాస్తారు, రెండోవాళ్లు ‘ఎ’ రాస్తారు. ఇద్దరూ ఒప్పే.

అంకెలకూ ఇదే పద్ధతి. అక్కయ్యపాలెంలోని 80 ఫీట్ రోడ్డు లాంటిది ‘యాన్ 80-ఫుట్ రోడ్’, ఎందుకంటే ఎయిటీ. వంద అడుగులదైతే ‘ఎ 100-ఫుట్ రోడ్’, ఎందుకంటే హండ్రెడ్. చదివినప్పుడు ఎయిట్, ఎలెవెన్, ఎయిటీన్, ఎయిటీలతో మొదలయ్యే సంఖ్యలకే ‘యాన్’. ఒకటితో మొదలయ్యే 11, 18లను ‘వన్’ అని చదవం కదా, అక్కడే చాలామంది తడబడతారు.

లిపి మోసం చేసే చోట్లు

ఇంత మంచి పరికరానికీ కొన్ని లోపాలున్నాయి. వాటిని తెలుసుకోకుండా వాడితే కొత్త తప్పులు పుడతాయి.

మొదటిది ‘యా’. యాపిల్, యాప్, యాసిడ్, యాక్సిడెంట్, యాంకర్, ఇవన్నీ మన రాతలో యకారంతో మొదలవుతాయి. ఇంగ్లీషులో అక్కడ యకారం లేదు. నోరు వెడల్పుగా తెరిచి పలికే ఒక అచ్చు ఉంది, దానికి మన లిపిలో అక్షరం లేదు, అందుకని ‘యా’తో సర్దుకున్నాం. ‘యాన్’ అనే మాటను కూడా అలాగే రాస్తున్నాం. కనుక యాన్ యాపిల్, యాన్ యాప్, యాన్ యాక్సిడెంట్. పోర్టులో సరుకు పెట్టే ‘యార్డ్’లో మాత్రం యకారం నిజమైనదే: ఎ యార్డ్. రెండింటినీ విడదీసే గుర్తు స్పెల్లింగ్‌లో ఉంది. మొదటి అక్షరం వై అయితే యకారం నిజం, ఏ అయితే అది మన సర్దుబాటు. ‘యూ’తో మొదలయ్యే మాటలకు ఈ అనుమానం అక్కర్లేదు, వాటిలో యకారం ఎప్పుడూ నిజమే.

రెండోది మన నోటి అలవాటు. తెలుగులో మాట మొదట్లో ఎకారం వస్తే సన్నని యకారం తోడొస్తుంది, ఒకారం వస్తే వకారం తోడొస్తుంది. ఎలా అన్నది యెలా అవుతుంది, ఒకటి అన్నది వొకటి అవుతుంది. తెలుగులో ఇది తప్పేమీ కాదు, భాష నడక అలాంటిది. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు అదే అలవాటు వెంట వచ్చి ఎగ్‌ను యెగ్ చేస్తుంది, ఓల్డ్‌ను వోల్డ్ చేస్తుంది. అప్పుడు తన గొంతునే విని సూత్రం పెట్టుకున్నవాళ్లు ‘ఎ యెగ్’ అని రాస్తారు. సూత్రం సరైనదే, విన్న గొంతు వేరు.

మూడోది దీనికి పూర్తిగా ఎదురు. ఇంగ్లీషులో నిజంగా ఉన్న హల్లును మన నోరు మింగేస్తుంది. రొట్టెల్లో వేసే ‘ఈస్ట్’, తూర్పు దిక్కు ‘ఈస్ట్’ తెలుగు రాతలో ఒకేలా ఉంటాయి. ఇంగ్లీషులో రొట్టెల ఈస్ట్‌కి ముందు యకారం ఉంది. అందుకే ‘ఎ ఈస్ట్ ప్యాకెట్’, కానీ ‘యాన్ ఈస్ట్ పాయింట్ కాలనీ హౌస్’. సంవత్సరం, చెవి రెండూ మనకు ‘ఇయర్’. ఇంగ్లీషులో సంవత్సరానికి యకారం ఉంది, కాబట్టి ‘ఎ’. చెవికి లేదు, కాబట్టి ‘యాన్’. చలికాలం షాపుల బోర్డుల మీద ‘ఉలెన్ స్వెటర్లు’ అని ఉంటుంది. ఇంగ్లీషులో అది వకారంతో మొదలయ్యే మాట: ఎ ఉలెన్ స్వెటర్. ‘ఉమన్’, ‘ఉడ్’ కూడా అంతే. ఇక ఓటు. ఇంగ్లీషు మాటలో ఉన్న వకారాన్ని మన భాష పూర్తిగా మింగేసింది. తెలుగు చెవితో ‘యాన్’ అనిపిస్తుంది, రాయాల్సింది ‘ఎ’. ఆసుపత్రిది అదే వరస: మన మాటలో హకారం పోయింది, ‘హాస్పిటల్’లో ఉంది, కాబట్టి ఎ హాస్పిటల్.

యకారాన్ని వినడం రాకపోతే నాలుకతో పట్టుకోవచ్చు. ‘యమున’ అనబోయి య దగ్గర ఆగండి. నాలుక నడిమి భాగం అంగిలి వైపు లేచి బిగుసుకుంటుంది. ఆ బిగువును వదలకుండా ‘ఈస్ట్’ అంటే వచ్చేది రొట్టెల ఈస్ట్. బిగువు లేకుండా తిన్నగా ‘ఈ’తో మొదలుపెడితే తూర్పు. నాలుగైదుసార్లు మార్చి మార్చి అంటే తేడా తెలిసిపోతుంది. పరీక్ష హాల్లో అంత తీరిక ఉండదు కాబట్టి అక్కడికి ఒక కొండగుర్తు: స్పెల్లింగ్ మొదట్లో వై, డబ్ల్యూ, వీ ఉంటే ‘ఎ’. ఇట్రియం అనే లోహం పేరు లాంటి బహు అరుదైన మాటలు తప్ప ఇది తప్పదు.

యూనిఫాం, అంబ్రెల్లా

జూన్‌లో బడులు తెరిచేనాటికి పిల్లలకు కావాల్సినవి ‘ఎ యూనిఫాం’, ‘యాన్ అంబ్రెల్లా’. యూ అక్షరానికి ఉన్న రెండు గొంతులు ఈ రెండు మాటల్లో వినిపిస్తాయి. యూనిట్, యూనియన్, యూనిక్, యూస్‌ఫుల్, యూరోపియన్, యూకలిప్టస్ చెట్టు, అన్నింటికీ ‘ఎ’. ఇళ్ల స్థలాల బ్రోషర్లలో ‘యాన్ యూనిక్ ఆపర్చునిటీ’ అని పెద్దక్షరాలతో కనిపిస్తుంటుంది. అది తప్పు.

మెలిక ఉన్నది యూ-ఎన్-ఐ అనే మూడు అక్షరాల దగ్గర. అవి ఉన్నంత మాత్రాన ‘యూని’ అని పలకాలని లేదు. యూనిఫాం వేసుకున్న అధికారి ‘ఎ యూనిఫామ్డ్ ఆఫీసర్’. విషయం తెలియని అధికారి ‘యాన్ అనిన్‌ఫామ్డ్ ఆఫీసర్’. రెండో మాటలో మొదట ఉన్నది ‘కాదు’ అనే అర్థమిచ్చే ‘అన్’. పిలవని చుట్టం, ముఖ్యం కాని సంగతి కూడా ఇంగ్లీషులో అలాగే మొదలవుతాయి, వాటికీ ‘యాన్’.

మన మాటలు ఇంగ్లీషు వాక్యంలో దూరినప్పుడు మన ఉచ్చారణే ప్రమాణం. ఉగాదిని ఉకారంతో పలుకుతాం కాబట్టి ‘యాన్ ఉగాది గిఫ్ట్’. కన్నడంవాళ్ల యుగాది అయితే ‘ఎ’. టిఫిన్ సెంటర్లో యాన్ ఇడ్లీ, యాన్ ఉప్మా, ఎ వడ, ఎ పెసరట్టు.

పాత ఇంగ్లీషు పుస్తకాలు చదివేవాళ్లకు ‘యాన్ యూనివర్సిటీ’, ‘యాన్ యూరోపియన్’ ఎదురవుతాయి. అచ్చుతప్పులు అనుకోనక్కర్లేదు. ఆ మాటల మొదటి శబ్దం ఒకప్పుడు ‘ఇయూ’ లాగా అచ్చుతో మొదలయ్యేది. తరవాత యకారం గట్టిపడింది, రాత కొంతకాలం వెనకబడింది.

హెచ్ దగ్గర తగువు

హకారం ఎవరూ పలకని మూలపదాలు నాలుగే నాలుగు: అవర్, ఆనెస్ట్, ఆనర్, వారసుడనే అర్థంలోని ‘ఎయిర్’. వాటి పిల్లలన్నీ వాటి వెంటే: యాన్ అవర్లీ బస్, యాన్ ఆనరరీ డాక్టరేట్, గౌరవ వేతనమైతే యాన్ ఆనరేరియం. ‘హానరేరియం’ అని పలికే అలవాటున్నవాళ్లు ‘ఎ’ రాసేస్తుంటారు. మిగతా హెచ్ మాటలకు దాదాపు ఎప్పుడూ ‘ఎ’: ఎ హోటల్, ఎ హార్బర్, ఎ హిల్.

పండితులు పట్టుబట్టేది ‘హిస్టారిక్’ దగ్గర. ‘యాన్ హిస్టారిక్’ అనేవాళ్ల వాదనలో బలం లేకపోలేదు. ‘హిస్టరీ’లో ఒత్తు, అంటే నొక్కి పలకడం, మొదటి భాగం మీద పడుతుంది, హకారం గట్టిగా వినిపిస్తుంది. ‘హిస్టారిక్’లో ఒత్తు రెండో భాగానికి జరిగిపోయి మొదటి హకారం పలచబడుతుంది. అలా పలచబడిన చోట ‘యాన్’ వాడటం పాత సంప్రదాయం. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో అయితే ‘యాన్ హండ్రెడ్’, ‘యాన్ హౌస్’ కూడా ఉన్నాయి. ‘ఎ హిస్టారిక్’ అనేవాళ్ల వాదన తేలిక: ఈ రోజు హకారం పలుకుతున్నాం, కాబట్టి ‘ఎ’. ఇప్పటి వాడుకలో వీళ్లే ఎక్కువ. ఈ మాటలో హకారాన్ని పూర్తిగా పలికే మనకు ‘ఎ’ రాయడమే నప్పుతుంది. ‘యాన్’ రాసినవాళ్లను తప్పు పట్టనక్కర్లేదు. మూలికను చెప్పే ‘హెర్బ్’లో బ్రిటన్‌వాళ్లు హకారం పలుకుతారు, అమెరికావాళ్లు వదిలేస్తారు. ఎవరి పలుకుబడికి తగిన ఆర్టికల్ వాళ్లది.

మనకు నిజంగా చిక్కు తెచ్చేది హెచ్ అక్షరం పేరే. నిఘంటువుల్లో దాని పేరు ‘ఎయిచ్’, అచ్చుతో మొదలు. భారతదేశంలో, ఐర్లండ్‌లో చాలామంది ‘హెచ్’ అంటారు, హల్లుతో మొదలు. మన పలుకు ప్రకారం ‘ఎ హెచ్‌పీసీఎల్ ట్యాంకర్’ అనడం శబ్ద సూత్రానికి విరుద్ధం కాదు. అచ్చయ్యే ఇంగ్లీషులో, పరీక్షల కీలో మాత్రం ‘ఎయిచ్’నే ప్రమాణంగా తీసుకుంటారు. రాతలో ‘యాన్ హెచ్‌పీసీఎల్ ట్యాంకర్’ అనే పెట్టాలి.

నామవాచకం కాదు, పక్కనున్న మాట

ఆర్టికల్ నామవాచకానికి చెందినా, దాని రూపాన్ని నిర్ణయించేది వెంటనే వచ్చే మాట. యాన్ అంబ్రెల్లా, కానీ ఎ బ్లాక్ అంబ్రెల్లా. ఎ హౌస్, కానీ యాన్ ఓల్డ్ హౌస్. యాన్ ఎంపీ, కానీ ఎ ఫార్మర్ ఎంపీ.

అసలు ఆర్టికల్ కావాలా?

‘ఎ’నా ‘యాన్’ఆ అని ఆలోచించే ముందు తేల్చాల్సిన ప్రశ్న ఇది. ఇంగ్లీషులో లెక్కపెట్టలేనివిగా చూసే మాటలకు రెండూ పట్టవు. ఇన్ఫర్మేషన్, అడ్వైస్, ఫర్నిచర్, లగేజ్ ఈ కోవలోవి. తెలుగులో ‘ఒక సలహా ఇవ్వు’, ‘ఒక సమాచారం అందింది’ అంటాం, అది మనసులో ఉండి ‘యాన్ అడ్వైస్’ అనేస్తాం. అచ్చుకు ‘యాన్’ కుదిరినట్టే వినిపిస్తుంది, అందుకే ఈ తప్పు దొరకదు. ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’ అనాలి. దీనికి ఎదురుగా, ‘ఆయన డాక్టరు’ అన్నప్పుడు తెలుగులో ‘ఒక’ ఉండదు, ఇంగ్లీషులో ‘ఎ డాక్టర్’ అని ఆర్టికల్ ఉండి తీరాలి.

ఒక అద్దె ప్రకటన, ఎనిమిది ఖాళీలు

‘ఫర్ రెంట్: ___ 1,100 స్క్వేర్-ఫుట్ ఫ్లాట్ ఇన్ ___ ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్, ఆన్ ___ వన్-వే రోడ్, హాఫ్ ___ అవర్ ఫ్రమ్ ది స్టేషన్. సూట్స్ ___ హెచ్‌పీసీఎల్ ఎంప్లాయీ ఆర్ ___ యంగ్ కపుల్. ___ ఫర్నిచర్ ప్రొవైడెడ్. ___ యూపీఐ ట్రాన్స్‌ఫర్ ఈజ్ ఫైన్ ఫర్ ది అడ్వాన్స్.’

రెండో ఖాళీలో, ఎంవీపీ ఎకారంతో మొదలవుతుంది కాబట్టి ‘యాన్’. మూడోది వన్, వకారం నిజమైనది, ‘ఎ’. నాలుగోది అవర్, ‘యాన్’. అయిదోది హెచ్, రాతలో ‘యాన్’. ఆరోది యంగ్, స్పెల్లింగ్ మొదట్లో వై ఉంది, ‘ఎ’. ఏడో ఖాళీలో ఏమీ రాయకూడదు, ఫర్నిచర్ లెక్కపెట్టలేని మాట. ఎనిమిదోది యూపీఐ, ‘ఎ’.

మొదటి ఖాళీని చివరికి ఉంచడానికి కారణం ఉంది. 1,100ని ‘వన్ థౌజండ్ వన్ హండ్రెడ్’ అని చదివితే ‘ఎ’. ఇళ్ల బ్రోకర్లు అన్నట్టు ‘ఎలెవెన్ హండ్రెడ్’ అని చదివితే ‘యాన్’. కాగితం మీద ఉన్న అంకె రెండింటికీ ఒకటే. రాసినవాళ్లు దాన్ని మనసులో ఎలా చదువుకున్నారో ఆ ఆర్టికలే చెబుతుంది.